ముందు యూనిట్, తరవాతే హారన్

అందరికీ నమస్కారం. పరిచయాలు అయిపోయాయి కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం. పాత సామానుతో ఇంట్లో హారన్ స్పీకర్ కట్టుకోవడం ఎలాగన్నదే ఇవాళ్టి సంగతి. ఈ బల్ల మీద నా ఎడమ చేతి వైపు ఉన్నది మైకు యూనిట్. గుళ్లో, ఎన్నికల ఆటో మీద, పెళ్లి పందిట్లో కనిపించే హారన్‌కి వెనక గుండ్రంగా బిగించి ఉంటుందే, అదే. ప్రస్తుతం హారన్ లేదు, ఒట్టి యూనిట్టే. దీనికి చిన్న యాంప్లిఫైయర్ తగిలించి ఫోన్‌లోంచి నాదస్వరం పెడుతున్నాను. వెనక వరస వాళ్లకి వినిపిస్తోందా? లేదు కదా. ముందు వరస వాళ్లకి కూడా ఏదో సన్నగా గీ అంటోందంతే. ఇప్పుడు వాల్యూమ్ ముట్టుకోకుండా ఈ హారన్‌ని మర తిప్పి బిగిస్తున్నాను. ఆ... చాలు, చాలు, ఆపేస్తున్నాను. చెవులు మూసుకున్న అమ్మాయికి సారీ.

కరెంటు పెంచలేదు. యాంప్లిఫైయర్ మార్చలేదు. ఒక రేకు గొట్టం తగిలించామంతే. ఆ రేకులో ఏ శక్తీ లేదు. మరి ఇంత శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందు ఇది అర్థమైతే, ఇవాళ నేను చెప్పే మిగతాదంతా మీరు ఇంటికెళ్లి సొంతంగా లెక్కేసుకోగలరు.

గాలి చాలా తేలిక. యూనిట్ లోపల చిన్న గిన్నె ఆకారంలో డయాఫ్రం, అంటే ఊగి శబ్దం చేసే పలచటి పొర, ఉంటుంది, దాని అంచుకి కాయిల్, కాయిల్ చుట్టూ మాగ్నెట్. కాయిల్‌కి బలం బోలెడు ఉంది, కానీ తొయ్యడానికి ఎదురుగా తగిన బరువు లేదు. ఖాళీ బండికి కట్టిన ఎద్దు ఎంత బలమైనదైతే ఏం లాభం? డయాఫ్రం ఊగుతుంది, గాలి పక్కలకి తప్పుకుంటుంది, శక్తి అంతా కాయిల్లో వేడి అయిపోతుంది. మామూలు బాక్సు స్పీకర్ల సంగతీ ఇదే. 100 వాట్లు ఇస్తే శబ్దంగా బయటికొచ్చేది సుమారు ఒక వాటు. మిగిలిన 99 గదిని వేడి చేస్తాయి. హారన్ ఏం చేస్తుందంటే, డయాఫ్రం ముందున్న గాలిని సన్నటి గొంతులో బంధించి తప్పించుకోకుండా చేస్తుంది. ఆ ఒత్తిడిని మెల్లమెల్లగా వెడల్పవుతున్న దారిలో నడిపించి, చివర పెద్ద నోటి దగ్గర బయటి గాలికి అప్పగిస్తుంది. మంచి హారన్ అయితే ఇచ్చిన కరెంటులో 20, 30 శాతం దాకా శబ్దంగా మారుతుంది. అదీగాక ఆ శబ్దాన్ని నలుదిక్కులా పోనివ్వకుండా ముందుకి పంపుతుంది. మీరిప్పుడు విన్నది ఆ రెండూ కలిసి చేసిన పని.

దీనికి చరిత్ర చాలా ఉంది, నేను రెండు ముక్కలే చెబుతాను. మొదటి ముక్క మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. 1915లో కాలిఫోర్నియాలో నాపా అనే చిన్న ఊళ్లో ఎడ్విన్ ప్రిధమ్, పీటర్ జెన్సన్ అనే ఇద్దరు ఒక ఇంట్లో ప్రయోగాలు చేస్తూ, తాము తయారు చేసిన కదిలే కాయిల్ పరికరానికి ఫోనోగ్రాఫ్ హారన్ ఒకటి తెచ్చి తగిలించారు. ఊరు దద్దరిల్లింది. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో సిటీ హాలు ముందు జనానికి వినిపించారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్‌డియాగో స్టేడియంలో మాట్లాడినప్పుడు వీళ్ల మాగ్నవాక్స్ పరికరమే వాడారు. చూశారా, జనం ముందుకి వచ్చిన తొలి లౌడ్‌స్పీకర్ల పుట్టుకే వేరే పనికి చేసిన హారన్‌తో మొదలైంది. కాబట్టి పాత సామానుతో స్పీకర్ కట్టుకోవడం చిన్నతనమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

రెండో ముక్క సినిమా హాళ్లది. 1926లో న్యూయార్క్‌లో వైటాఫోన్ అనే శబ్దమున్న సినిమాల ప్రదర్శనలు మొదలైనప్పుడు తెర దగ్గర పెట్టింది వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల 555 అనే మోడల్ యూనిట్లున్న హారన్లు. అప్పటి వాల్వు యాంప్లిఫైయర్లు ఇచ్చేది కొద్ది వాట్లే. ఆ కొద్ది వాట్లతో హాలంతా నిండాలంటే హారన్ తప్ప దారి లేదు. మన దగ్గర 1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చి ప్రతి పట్నంలో టాకీ హాళ్లు లేచాక, తెర వెనక హారన్లు నిలబడ్డాయి. తెరకి సన్నటి చిల్లులుండేది అందుకే, శబ్దం వాటిలోంచి రావాలి. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ వాళ్లు ‘వాయిస్ ఆఫ్ ద థియేటర్’ పేరుతో వరసగా మోడళ్లు తెచ్చారు. కింద బాస్ స్వరాలు పాడే 15 అంగుళాల వూఫర్, పైన 500 లేదా 800 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) నుంచి పాడే హారన్. ఇవాళ హారన్ పిచ్చి ఉన్నవాళ్లు ఇంట్లో కట్టుకునే వాటిలో చాలా భాగం ఆ నమూనాకి బంధువులే.

తొంభైల్లో డీటీఎస్ వచ్చింది, తరవాత డిజిటల్ ప్రొజెక్షన్, తరవాత మల్టీప్లెక్సులు. ఊళ్లలో సింగిల్ థియేటర్లు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్లయ్యాయి. తెర వెనక ఉన్నవి ఏమయ్యాయి? కుర్చీలతో పాటు, ప్రొజెక్టర్ ఇనుముతో పాటు కాటా ఎక్కాయి. కొన్ని మాగ్నెట్లు పగలగొట్టి అమ్మేశారు, అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కొన్ని మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో, కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ఇంకా ప్రతి టౌన్లో ఉండే మైకు సెట్టు వాళ్ల అటకల మీద. ఈ చివరిది ఎవరూ పట్టించుకోరు. మైకు సెట్లు అద్దెకిచ్చే పాత షాపాయన అటక చూడనిస్తే, సంతలో నాలుగు వారాలు తిరిగినా దొరకనిది అక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు ముందు ఇంటర్నెట్‌లో ఒక డ్రాయింగ్ డౌన్‌లోడ్ చేస్తారు. ప్లైవుడ్ కోయిస్తారు. ఆ తరవాత ఆ డ్రాయింగ్‌లో రాసిన యూనిట్ కోసం ఊరంతా వెతుకుతారు. అది దొరకదు. దొరికినా జత దొరకదు. కొత్త సామానుతో అయితే ఆ పద్ధతి చెల్లుతుంది. పాత సామానుతో లెక్క తిరగబడుతుంది. మాగ్నెట్, డయాఫ్రం, కాయిల్, ఈ మూడూ మనం ఇంట్లో చేసుకోలేం. హారన్ చేసుకోగలం, బాక్సు చేసుకోగలం. అందుకని చేసుకోలేనిది ముందు సంపాదించాలి, దాన్ని కొలవాలి, అది ఏం కోరుతుందో చూసి హారన్ గియ్యాలి. ముందు యూనిట్, తరవాతే హారన్.

సరే, సంతలో ఒక యూనిట్ కనిపించింది. ఏం చూడాలి? జేబులో మల్టీమీటర్, ఒక పెన్సిల్ సెల్, రెండు వైరు ముక్కలు పెట్టుకు వెళ్లండి. మీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండు టెర్మినళ్లకి ఆనించండి. 8 ఓమ్స్ యూనిట్ అయితే సుమారు 6 చూపిస్తుంది, 16 ఓమ్స్‌ది అయితే 11 నుంచి 13 మధ్య. ఎందుకు తక్కువంటే, మీటర్ చూపేది కాయిల్ తీగ రెసిస్టెన్స్ ఒక్కటే. సూది కదలకపోయినా, అంకెలు పరిగెడుతున్నా కాయిల్ తెగింది. తరవాత సెల్‌కి వైర్లు పెట్టి ఒక్క క్షణం తాకించి తీసెయ్యండి. శుభ్రంగా ‘టక్’ మనాలి. ‘కర్’ మన్నా, గీరినట్టు వినిపించినా కాయిల్ మాగ్నెట్‌ని రాసుకుంటోంది. వూఫర్ అయితే రెండు చేతుల వేళ్లూ కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి, అదే గీరుడు వేళ్లకి తెలుస్తుంది. కాలిన కాయిల్ వాసన కూడా తెలిసిపోతుంది, ముక్కు దగ్గర పెట్టుకు చూడండి. అమ్మేవాడు నవ్వుతాడు, నవ్వనీండి.

వూఫర్ చుట్టూ అంచు చూడండి. ఫోమ్ అంచు అయితే మన ఎండలకి, తేమకి పొడి పొడిగా రాలిపోతుంది. వేలు పెడితే తారులా అంటుకుందంటే అది అయిపోయినట్టే, కొత్త అంచు అతికించుకోవాలి. పాత థియేటర్ వూఫర్లకి బట్టతోనో, మడతలు పెట్టిన కాగితంతోనో చేసిన గట్టి అంచు ఉండేది. అది దశాబ్దాలు గడిచినా చెక్కు చెదరదు. ఎక్కువ దూరం ఊగదు కూడా. బాస్ కోసం ఊగిపోయే కారు వూఫర్లు హారన్‌కి జత కాదు. తేలిక కోన్, పెద్ద మాగ్నెట్, గట్టి అంచు, ఇవి చూడండి.

ఇక కంప్రెషన్ యూనిట్ల సంగతి, అంటే హారన్ వెనక బిగించేవి. మైకు యూనిట్లలో డయాఫ్రం సాధారణంగా బేకలైట్ జాతిది, గోధుమ రంగులో ఉంటుంది. మొండిది, వాన తట్టుకుంటుంది, మాటకి బ్రహ్మాండం. కానీ 5, 6 వేల హెర్ట్జ్ దాటాక నీరసిస్తుంది, తాళం చివర మెరుపు, తంబుర గలగల ఇవ్వదు. దాని పైన ఒక ట్వీటర్, అంటే పై స్వరాలకే ఉండే చిన్న స్పీకర్, పెట్టుకోవాల్సిందే. థియేటర్, స్టేజీ యూనిట్లలో అల్యూమినియం లేదా టైటానియం డయాఫ్రం ఉంటుంది, అవి పైకి బాగా వెళ్తాయి. అల్యూమినియం సన్నగా చిట్లి ఉండొచ్చు. వెనక మూత స్క్రూలు తీసి చూడనిస్తే చూడండి. లోపల సందులో ఇనప రజను ఉంటే కంగారు పడకండి, జిగురు టేపు మడిచి అద్దితే వచ్చేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. మాగ్నెట్ చుట్టూ నల్లటి రింగు ఉంటే అది ఫెరైట్. మాగ్నెట్ కనిపించకుండా ఇనప కుండలాంటి గూట్లో ఉండి, పాతకాలంది అయితే చాలావరకు ఆల్నికో. ఆల్నికో మాగ్నెట్‌ని గూట్లోంచి విప్పారంటే దాని బలం పడిపోతుంది, తిరిగి బిగించినా రాదు. మళ్లీ మాగ్నెటైజ్ చేయించాలి. కాబట్టి డయాఫ్రం వైపు స్క్రూలు తప్ప మాగ్నెట్ వైపు బోల్టులు ముట్టుకోవద్దు. ఇంకా పాతవి కొన్ని ఉంటాయి, వాటిలో అసలు మాగ్నెట్టే ఉండదు, ఫీల్డ్ కాయిల్ ఉంటుంది. దానికి విడిగా డీసీ కరెంటు ఇస్తేనే మాగ్నెట్ అవుతుంది. కొన్నింటికి వంద వోల్టుల పైనే కావాలి. అవి అపురూపమైనవే, కానీ కరెంటు పని తెలిసినవాళ్లు పక్కన లేకుండా వాటి జోలికి పోకండి.

యూనిట్ వచ్చింది. ఇప్పుడు హారన్. లెక్క భయపెట్టేది కాదు. ముందు ఏ స్వరం నుంచి పాడించాలో తేల్చుకోండి. మైకు యూనిట్‌కైనా, ఒక అంగుళం గొంతున్న థియేటర్ యూనిట్‌కైనా 500 హెర్ట్జ్ నుంచి పాడించడం ఇంటికి హాయిగా సరిపోతుంది. హారన్ మాత్రం దానికంటే కిందికి, 300కి గియ్యాలి. ఎందుకంటే హారన్ తన హద్దు దగ్గర సరిగ్గా పనిచేయదు, హద్దు దిగితే డయాఫ్రం మీద బరువే ఉండదు. మొదట మీరు విన్న ఒట్టి యూనిట్ పరిస్థితే మళ్లీ వస్తుంది. డయాఫ్రం విచ్చలవిడిగా ఊగి చిట్లుతుంది.

శబ్దం వేగం సెకనుకి సుమారు 344 మీటర్లు. మన వేసవిలో కాస్త ఎక్కువ, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 344ని 300తో భాగిస్తే ఒక అల పొడవు 115 సెంటీమీటర్లు. హారన్ నోటి చుట్టుకొలత కనీసం అంత ఉండాలి, అంటే వ్యాసం ముప్పై ఆరున్నర సెంటీమీటర్లు. నోరు అంతకన్నా చిన్నదైతే అల బయటికి పోకుండా కొంత వెనక్కి తిరిగొస్తుంది. హారన్ స్పీకర్లంటే ముక్కుతో మాట్లాడతాయని చాలామంది అంటారే, దానికి అసలు కారణం ఇదే. సైజు తగ్గించి అమ్మిన హారన్లు విని ఆ మాట అంటారు.

మరి గొంతు నుంచి నోటి దాకా ఎలా వెడల్పు కావాలి? ఎక్స్‌పొనెన్షియల్ హారన్ అంటే సమానమైన దూరాల్లో వైశాల్యం రెట్టింపు అవుతూ పోవాలి. 300 హెర్ట్జ్‌కి ఆ దూరం 6.3 సెంటీమీటర్లు. వైశాల్యం రెట్టింపు, అంటే వ్యాసం 1.41 రెట్లు. రాసుకోండి: గొంతు దగ్గర 2.54 సెంటీమీటర్ల వ్యాసం. 6.3 దగ్గర 3.6. తరవాత 5.1, 7.2, 10.2, 14.4, 20.3, 28.7. మొత్తం పొడవు 48 సెంటీమీటర్లు దాటేసరికి ముప్పై ఆరున్నర. అయిపోయింది మీ డ్రాయింగ్. చిత్రం ఏమిటంటే, మొదటి 20 సెంటీమీటర్లలో ఇది కేవలం సన్నటి గొట్టం, చివరి 10 సెంటీమీటర్లలో ఒక్కసారి పువ్వు విచ్చుకుంటుంది. 500కి గీస్తే నోరు 22 సెంటీమీటర్లకి తగ్గుతుంది, కానీ అప్పుడు యూనిట్‌ని 700, 800 నుంచే పాడించాలి. మగ గొంతు బరువంతా వూఫర్ మీదికి పోతుంది. నాకు 300ది ఇష్టం. చోటుంటే.

దేంతో చెయ్యాలి? ప్లైవుడ్‌తో నలుచదరంగా చేసుకోవచ్చు, వ్యాసాల బదులు అంతే వైశాల్యం వచ్చే చదరాలు తీసుకోవాలి, నోటి దగ్గర 32 సెంటీమీటర్ల చదరం వస్తుంది. వడ్రంగి కావాలి. నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది కాగితపు హారన్ గురించి. నవ్వకండి. 1920లు, 30లలో లండన్‌లో ఈఎంజీ అని చేత్తో గ్రామఫోన్లు తయారుచేసే కంపెనీ ఉండేది. వాళ్ల పెద్ద పెద్ద హారన్లు కాగితపు గుజ్జువే. ఇప్పటికీ వాటిని కొనడానికి జనం ఎగబడతారు. రేకు టంగుమని మోగుతుంది. మందపాటి కాగితం మోగదు, మొద్దుగా ఉంటుంది. హారన్ గోడకి కావాల్సింది ఆ మొద్దుతనమే.

ఈ విద్య మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. పాత కాగితాలు నానబెట్టి, రోట్లో రుబ్బి, మెంతిపిండి కలిపి వెదురు చేటలకీ బుట్టలకీ పూసేవాళ్లు, మీ అమ్మమ్మల్ని అడగండి. మెంతి జిగురుకీ పనికొస్తుంది, పురుగూ దగ్గరికి రాదు. ఎదురుగా కూర్చున్న అమ్మగారు తలూపుతున్నారు, ఆవిడకి తెలుసు. అదే గుజ్జు.

ముందు లోపలి అచ్చు తయారు చేసుకోవాలి. ఒక ఇనప కడ్డీ నిలబెట్టి, ఇందాక రాసుకున్న వ్యాసాలతో అట్ట చక్రాలు కోసి, 6.3 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున కడ్డీకి గుచ్చండి. వాటి అంచుల మీదుగా సన్నటి వెదురు బద్దలు వంచి దారంతో కట్టండి. వంపు తనంతట తనే వస్తుంది. దాని మీద అట్ట, దాని మీద పాలిథీన్ కాగితం బిగించండి. ఇక పైన మైదా జిగురులో ముంచిన న్యూస్‌పేపర్ పేలికలు, నాలుగైదు వరసలు. అవి ఆరాక గుజ్జు, పలచగా ఒక పూత. అది ఆరాక ఇంకో పూత. ఇక్కడ ఆత్రం పనికిరాదు. ఒకేసారి మందంగా పూస్తే పైన ఎండి లోపల బూజు పడుతుంది. కోస్తా జిల్లాల వాళ్లు వానాకాలంలో అసలు మొదలుపెట్టకండి. వేలి మందం వచ్చాక ఆపి, అచ్చుని వెడల్పు వైపు నుంచి లాగేస్తే వచ్చేస్తుంది. లోపల ఉప్పుకాగితం పట్టి, ఎనామిల్ పెయింట్ రెండు చేతులు వెయ్యండి. నోటి అంచుని కత్తిరించినట్టు వదిలెయ్యకుండా బయటికి గుండ్రంగా మలచండి, ఆ చిన్న పనికి వినికిడిలో పెద్ద ఫలితం ఉంటుంది.

గొంతు దగ్గర యూనిట్ బిగించేదెలా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మైకు యూనిట్ మర ప్లంబింగ్ సామానులో దొరికే మర కాదు. దానికోసం లేత్ పని చేయించక్కర్లేదు. సొట్టలు పడిన పాత మైకు హారన్ ఒకటి తుక్కు కింద కొని, మర ఉన్న మెడ ముక్క మాత్రం హాక్సాతో కోసుకోండి. దాన్ని కాగితపు హారన్ గొంతులో కూర్చి సందులు నింపెయ్యండి. నింపడానికి కొండపల్లి బొమ్మలవాళ్ల మక్కు భేషైనది, చింతగింజల పొడి, రంపం పొట్టు కలిపిన ముద్ద. ఎపాక్సీ వాడినా తప్పు లేదు, నాకు మక్కు మీద మమకారం. లోపల మెట్టు లేకుండా వేలితో తడిమి చూసి నున్నగా చెయ్యండి. గొంతులో అర మిల్లీమీటరు మెట్టు, నోటి దగ్గర అంగుళం సొట్ట కన్నా ఎక్కువ చెడగొడుతుంది.

“మైకు హారన్‌నే అలాగే వాడుకోవచ్చు కదా సార్?” అని అక్కడ ఒకబ్బాయి అడుగుతున్నాడు. వాడుకోవచ్చు బాబూ, గుడి మీదైతే. ఆ పొట్టి హారన్‌లో శబ్దం ముందుకి వచ్చి, వెనక్కి మళ్లి, మళ్లీ ముందుకి తిరుగుతుంది. పొడవు దాచడానికి అలా మడిచారు. ఆ మలుపుల్లో పై స్వరాలు కొట్టుకుపోతాయి, పైగా రేకు మోగుతుంది. ప్రకటనకి పరవాలేదు, పాటకి చాలదు.

ఇప్పుడు బాస్. ఇంట్లో బాస్‌కి కూడా హారన్ కట్టాలని అందరికీ ఆశ ఉంటుంది. ఇందాకటి లెక్కే వెయ్యండి. 50 హెర్ట్జ్‌కి అల పొడవు దాదాపు 6.9 మీటర్లు, నోటి వ్యాసం 2.2 మీటర్లు. మన తలుపు కన్నా ఎత్తు. లండన్ సైన్స్ మ్యూజియంలో 1930 ప్రాంతంలో 27 అడుగుల పొడవు, 7 అడుగుల చదరపు నోరున్న హారన్ కట్టి జనానికి రేడియో వినిపించేవాళ్లు. అది ధ్వంసమైతే 2014లో మళ్లీ కట్టారు. మ్యూజియానికి చోటుంది, మనకి లేదు. దీనికి తెలివైన ఉపాయం కనిపెట్టినవాడు పాల్ క్లిప్ష్, అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలో హోప్ అనే ఊళ్లో కంపెనీ పెట్టినవాడు. గది మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి హారన్ నోటికి కొనసాగింపు అవుతాయి, నోరు ఎనిమిదో వంతు ఉంటే చాలు. 1946 నుంచి ఆ మూల హారన్‌ని అమ్ముతూనే ఉన్నారు. మనకి దాంతో రెండు ఇబ్బందులు. ఒకటి, మన గదుల్లో మూల పక్కనే తలుపో బీరువానో ఉంటుంది. రెండు, స్టీరియోకి రెండు మూలలు కావాలి, అందులో ఒకటి ఈశాన్యం అయిందంటే ఇంట్లో పెద్దవాళ్లు అక్కడ బరువు పెట్టనివ్వరు. (నవ్వులు)

అందుకని నా సలహా, బాస్‌కి మామూలు బాక్సే. 12 లేదా 15 అంగుళాల పాత వూఫర్‌ని పెద్ద బాక్సులో పెట్టి 500 దాకా పాడించండి. దాని పైన హారన్. మాటా, వీణా, వయొలినూ, మృదంగం కుడివైపు ‘నం’ అనే దెబ్బా, వీటి స్పష్టతంతా హారన్ పరిధిలోకే వస్తుంది. చెవికి ప్రాణం అక్కడే ఉంది.

ఈ రెండింటినీ కలపడంలో ఒక చిక్కుంది. హారన్ గట్టిగా పాడుతుంది, వూఫర్ అంత పాడలేదు. ఒక వాటుకి హారన్ 105 డెసిబెల్ ఇస్తే మంచి వూఫర్ 95 ఇస్తుంది. 10 డెసిబెల్ అంటే పది రెట్ల పవర్ తేడా. హారన్‌ని తగ్గించాలి. 8 ఓమ్స్ యూనిట్ అయితే రెండు రెసిస్టర్లు చాలు: వరసలో 5.6 ఓమ్స్, యూనిట్ రెండు టెర్మినళ్లకి అడ్డంగా 3.9 ఓమ్స్. లెక్క వేస్తే సరిగ్గా పది డెసిబెల్ దగ్గర తగ్గుతుంది, యాంప్లిఫైయర్‌కి మాత్రం ఇంకా 8 ఓమ్సే కనిపిస్తుంది. 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు వాడండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. హారన్ ఎంత సున్నితమైందంటే పాట లేనప్పుడు యాంప్లిఫైయర్ బుస కూడా వినిపిస్తుంది, ఆ బుసా పది డెసిబెల్ తగ్గిపోతుంది.

వీటికి ముందు కెపాసిటర్, కింది స్వరాలు యూనిట్‌కి చేరకుండా కోసేసేది. ఇది లేకుండా ఎప్పుడూ, ఒక్క నిమిషం పరీక్షకైనా, యూనిట్‌ని నేరుగా యాంప్లిఫైయర్‌కి తగిలించొద్దు. ఇందాక నేను పెట్టినదానికి కూడా ఉంది, బల్ల కింద ఉంది కాబట్టి మీకు కనపడలేదు. 8 ఓమ్స్‌కి 500 హెర్ట్జ్ దగ్గర 40 మైక్రోఫ్యారడ్లు. ఒక్క కెపాసిటర్‌తో కోత మెత్తగా ఉంటుంది, ఇంట్లో తక్కువ వాల్యూమ్‌కి సరిపోతుంది. గట్టిగా వినేవాళ్లు దానికో కాయిల్ జోడించి 12 డెసిబెల్ కోత పెట్టుకోండి. ఖరీదైన ఆడియో కెపాసిటర్లు అక్కర్లేదు. నీళ్ల మోటార్లకి వాడే రన్ కెపాసిటర్లు ఉంటాయి చూడండి, లోపల ప్లాస్టిక్ ఫిల్మే, 440 వోల్టులు తట్టుకుంటాయి, 36 దొరికితే పక్కన సీలింగ్ ఫ్యాన్‌ది రెండున్నర కలపండి, దగ్గరికి వచ్చేస్తుంది. స్టార్ట్ కెపాసిటర్ కాదు, రన్ కెపాసిటర్. షాపులో ఆ తేడా అడిగి తీసుకోండి. అన్నీ పాతవి కొనమన్నాను కదా అని ఇది పాతది కొనొద్దు. కెపాసిటర్, రెసిస్టర్, వైరు కొత్తవే కొనండి. మాగ్నెట్ ముసలిదైనా పనిచేస్తుంది, ముసలి కెపాసిటర్‌ని నమ్మలేం.

ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయి, చెప్పమ్మా. “అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, పక్కవాళ్లు ఊరుకుంటారా అండీ?” మంచి ప్రశ్న. హారన్ అంటే గోల అని అందరికీ స్థిరపడిపోయింది, తప్పు మనదే, మైకులు అలా వాడాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు పెట్టకూడదని 2000 నాటి నిబంధనలే ఉన్నాయి, ఎంతమంది పాటిస్తారో మీకు తెలుసు. ఇంట్లో ఈ హారన్ పాడేది వాటులో నూరో వంతు, ఇంకా తక్కువతో. అంత తక్కువలో కూడా గొంతులో ఊపిరి, తీగ మీద వేలు జారడం స్పష్టంగా తెలుస్తాయి. మామూలు స్పీకర్‌ని అవి వినిపించేదాకా పెంచాలి, అప్పుడు పక్కవాళ్లు తలుపు కొడతారు. ఇంకో సంగతి, మీరు కూర్చున్న వైపుకే హారన్ తిరిగి ఉంటుంది కాబట్టి గోడలకి పోయేది తక్కువ. పక్కింటికి పోయేది ఎక్కువగా బాస్, దానికి మాత్రం హారన్ బాధ్యత లేదు.

ఇంకెవరు? ఆ, జత గురించి. రెండు ఒకేలాంటి యూనిట్లు దొరకడం కష్టం కదా అంటున్నారు. నిజమే. ఒకే చోట, ఒకే లాట్‌లో ఉన్నవి తీసుకోండి, మీటర్ మీద రెండూ దగ్గరదగ్గరగా చూపించాలి, రెంటి డయాఫ్రమ్‌లూ ఒకే రకంవై ఉండాలి. ఒకదాని డయాఫ్రం మార్చాల్సి వస్తే రెండింటివీ మార్చెయ్యండి. ఒక్కటే మంచిది దొరికిందనుకోండి, వదులుకోకండి. ఒక్కదానికే హారన్ కట్టి మోనోలో వినండి. ఘంటసాల గారి పాత పాటలు మోనోలోనే రికార్డయ్యాయి, వాటికి రెండో స్పీకర్ అక్కర్లేదు. రెండోది దొరికినప్పుడు స్టీరియో చూసుకుందాం.

టైమ్ అయిపోయిందంటున్నారు. బల్ల మీద యూనిట్లు ఉన్నాయి, మీటర్ ఉంది, పెన్సిల్ సెల్ ఉంది, ఒక్కొక్కరే వచ్చి పరీక్షించి చూడండి. వాటిలో ఒకటి కాయిల్ కాలిపోయిందే తెచ్చాను, ఏదో కనిపెట్టండి. అదిగో ఆ చివర ఇనప గూడు ఉన్నది ఆల్నికో, దాన్ని వాసన చూడండి, మోగించండి, వెనక బోల్టులు మాత్రం ముట్టుకోకండి.